వరపు నేల వంటింటి మాటలు
మెట్టసీమ చరిత్ర: 9వ భాగం

పోయిన వారం ఉదయగిరి ముట్టడి దగ్గర ఆగాం. 1513లో వచ్చి కొండ కింద దిగిన కృష్ణదేవరాయల సేనకు 1514 దాకా కోట చిక్కలేదు. దాదాపు 3 వేల అడుగుల కొండ, దాని మీద అంచెలంచెలుగా గోడలు, లోపల ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రాహుతరాయలు. ఇటువంటి ముట్టడిలో కత్తి కన్నా గాదె గొప్పది. లోపలివాళ్ల దగ్గర ఎన్నాళ్లకు సరిపడా తిండి ఉంది, బయటివాళ్లకు సరుకు బండ్లు ఎన్నాళ్లు నడుస్తాయి, ఈ రెండింటి మీదే అంతా తేలుతుంది. అందుకని ఈ వారం యుద్ధాన్ని పక్కన పెట్టి నిలవ తిండి సంగతి, దానికి జోడుగా తీపి సంగతి చెబుతాను. వంటలు ఎట్లా చేస్తారన్నది నా విషయం కాదు. వాటి పేర్లు ఎక్కడివన్నది నా విషయం. పడమటి నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ఊళ్లలో ఎవరు ఏలారో రాళ్లు చెబుతాయి. వాళ్లు ఏలుతుండగా మన ఇళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మాటలనే అడగాలి.

అడగడం రాయలతోనే మొదలుపెట్టవచ్చు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వివరంగా ఉంది. అది వానాకాలంలో ఒక తీరు, చలికాలంలో మరో తీరు, ఎండాకాలంలో ఇంకో తీరు. వానాకాలపు విస్తట్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. చలికాలంలో వేడి వేడి అన్నం, మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కు దిబ్బడ వదిలించే ఆవ పచ్చళ్లు, పాయసం, ఊరగాయలు. ఏనుగు మీద ఊరేగే చక్రవర్తికి వానాకాలంలో ఎండు కూరల వరుగే దిక్కని తెలుసు. పొయ్యిలో తడి కట్టెలు మండవని కూడా తెలుసు కాబట్టి కొబ్బరి చిప్పల మంట మీద వండించాడు. తెలుగు కావ్యాల్లో వంటింటిని ఇంత దగ్గరగా చూసిన రాజు మరొకడు లేడని నా నమ్మకం.

ఆ భోజనంలో కారం మిరియాలదీ ఆవాలదీ. మిరపకాయ అందులో లేదు. అమెరికా ఖండాల్లో పుట్టిన మిరప పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. వాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. మిరప ఘాట్లు దాటి, పొలాలకెక్కి, మెట్ట పల్లెల రోళ్లలోకి చేరడానికి ఆ తర్వాత చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా దానికి కొత్త పేరు దొరకలేదు. పాత మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. తమిళులూ అదే పని చేశారు, మిళగు నుంచి మిళగాయ్ చేసుకున్నారు. ఈ రోజు గుంటూరు పేరెత్తితే మిరప గుర్తొచ్చేంతగా అది మనదైపోయింది గానీ, ఉదయగిరి కొండ కింద కాచుకొని కూర్చున్న సిపాయి తిన్న ఊరగాయలో అది లేదు.

ఇక వరుగు. కాకర, గోరుచిక్కుడు, వంకాయ, మామిడి, ఏదైనా సరే ముక్కలు కోసి ఉప్పు నీళ్లలో ముంచో, ముంచకో ఎర్రటి ఎండలో పెడితే అయ్యేది వరుగు. కొన్ని ఊళ్లలో ఒరుగు అంటారు. ఈ మాట వెనక ఎండిపోవడం అనే అర్థమున్న పాత ద్రావిడ ధాతువు ఉంది. తమిళంలో ఇట్లాంటి ఎండు ముక్కలను వత్తల్ అంటారు, అదీ ఆ కుదురుదే. మన భాషలో ఆవు పాలివ్వడం మానేస్తే వట్టిపోయింది అంటాం, అదీ అక్కడిదే. అన్నిటికన్నా ముఖ్యంగా వరపు, అంటే వానలు పడక నేల బీటలు వారిన కాలం, అదీ ఆ ఇంటి పిల్లే. వరపూ వరుగూ తోబుట్టువులు. ఒకటి నేలను ఎండబెడుతుంది, రెండోదాన్ని మనిషి ఎండబెట్టుకుంటాడు.

పడమటి నెల్లూరు గురించి తెలిసినవారికి ఈ బంధుత్వం కొత్తేమీ కాదు. పడమట వెలికొండలు, తూర్పున ఎక్కడో సముద్రం, మధ్యలో చెరువుల మీద, వాన మీద ఆధారపడ్డ నేల. జిల్లాలో వరి పండే పెన్న డెల్టా వేరు, ఈ మెట్ట వేరు. 1832–33 నాటి నందన కరువును, 1876–78 నాటి ధాత కరువును ఈ జిల్లా చూసింది. ఇప్పుడు పెన్న మీద సోమశిల దగ్గర 78 టీఎంసీల జలాశయం ఉంది, ఆత్మకూరు చుట్టుపక్కల దాని ఫలితం కనపడుతుంది. ఉదయగిరి దిక్కు మాత్రం ఇప్పటికీ ఆకాశం వైపే చూస్తుంది. జొన్నా సజ్జా తిన్న ఈ ఇళ్లలో వరుగు సరదా కోసం చేసుకున్నది కాదు. కాసిన రోజున దాచకపోతే కాయని రోజున పులుసులో ముక్క ఉండదు.

నిలవ తిండి మాటలు తక్కినవి కూడా ఇట్లాగే చేతి పనిలోంచి పుట్టాయి. ఊరగాయలో ఉన్నది ఊరడం, ఉప్పులో పులుపులో నానడం. కన్నడిగులు అదే వస్తువును ఉప్పినకాయి అన్నారు, వాళ్ల చూపు ఉప్పు మీద పడింది. మన చూపు ఊరే పని మీద, ఊరడానికి పట్టే కాలం మీద పడింది. తొక్కులో ఉన్నది తొక్కడం, దంచడం. చింతకాయల కాలంలో పచ్చికాయలు ఉప్పూ పసుపూ వేసి రోట్లో తొక్కి పెడితే ఏళ్ల తరబడి చెడదు. (ఈ చింతను అరబ్బులు తమ దేశపు ఖర్జూరంతో పోల్చి తమ్ర్ హిందీ, హిందూ దేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అక్కడిదే.) ఊరమిరప, ఎండుచేప, ఉప్పుచేప అన్న పేర్లకు నిఘంటువుతో పనే లేదు. ఏం చేశారో పేరే చెబుతుంది. పచ్చడి ఒక్కటే కాస్త దారి మారింది. పచ్చి అన్న మాటలోంచి వచ్చిన ఆ పేరు మొదట అప్పటికప్పుడు నూరుకునేదానిదే. ఇప్పుడు ఏడాది నిలవ ఉండేదాన్నీ పచ్చడి అనే అంటున్నాం.

ఈ పనులన్నిటికీ ఉప్పు కావాలి. మెట్టలో ఉప్పు పుట్టదు. నెల్లూరు తీరంలోని ఉప్పు కొఠార్ల నుంచి లోపలి ఊళ్లకు గాడిదల మీద, ఎద్దుల మీద మోసుకొచ్చినవాళ్లలో ఎరుకలవారు ముఖ్యులు. ఉప్పు తెచ్చి ధాన్యం తీసుకుపోయేవారు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. ఆ తర్వాత రైళ్లు వచ్చాయి. ఆ వర్తకం కూలిపోయింది. వర్తకం పోయిన మనుషులనే తర్వాత అదే ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్ర వేసింది. మన అవ్వల ఊరగాయ జాడీల్లో వాళ్ల కాలినడక ఉంది. ఏ చరిత్ర పుస్తకమూ ఆ రుణాన్ని సరిగా రాయలేదు.

అన్నీ మన నేల మాటలేనని మాత్రం అనను. వడియం సంస్కృతపు వటికలోంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. ఉత్తరాదిలో బడీ అనేది దాని అక్కచెల్లెలే. చట్నీ హిందీలోని చాట్నా, అంటే నాకడం, నుంచి వచ్చింది. మందుల కొట్టులో అమ్మే లేహ్యానికీ సంస్కృతంలో అదే అర్థం. ఆచారు పర్షియన్ మాట. ఉదయగిరి ముస్లింల ఇళ్లలో ఊరగాయను అచార్ అనే అంటారు. 1563లో గోవాలో పుస్తకం అచ్చువేసిన గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు ఉప్పులో ఊరవేసిన నల్లజీడి కాయలను ఇక్కడివాళ్లు అచార్ అంటారని రాశాడు. అంటే అప్పటికే ఆ మాట పడమటి తీరమంతా తిరుగుతోంది. అయినా ఇది తెలుగు ఊరగాయను కదిలించలేకపోయింది. తరతరాలుగా నవాబుల కింద, జాగీర్దార్ల కింద ఉండి కూడా మెట్ట తెలుగువాడు ఊరగాయను ఆచారు అనలేదు.

తీపి దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది.

ఉదయగిరి గెలిచిన రాయలు 1514 జూలైలో తిరుమలకు వెళ్లి స్వామిని దర్శించుకున్నాడు. ఉదయగిరి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహానికి హంపిలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ కాలపు తిరుమల శాసనాల్లో నైవేద్యాల లెక్కలు ఉన్నాయి. అప్పపడి, అతిరసపడి, సుఖియన్‌పడి, మనోహరపడి అంటూ దాతలు దేనికెంత బియ్యం, ఎంత బెల్లం, ఎంత నెయ్యి అన్నది రాతి మీద చెక్కించారు. ఆ అతిరసం మన అరిసెకు దగ్గరి చుట్టం. పాకం పట్టి, బియ్యప్పిండి కలిపి, నేతిలో వేసి, వత్తి తీసే ఆ తీపికి తమిళనాడులో అతిరసం, తెలుగునాట అరిసె, ఒడిశాలో ఆరిసా పేర్లు. ఉదయగిరి మీద 15వ శతాబ్దంలో ఒడిశా గజపతుల జెండా ఎగిరింది. వాళ్ల సైన్యంతో ఈ మాట వచ్చిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. గజపతి దుర్గాధిపతి, కొండ కింద తెలుగు కాపు, తిరుమల దారి పట్టిన తమిళ యాత్రికుడు పండగనాడు ఒకే తీపి తింటున్నారనీ, దాని పేరు సరిహద్దు దాటినప్పుడల్లా కొద్దిగా మారుతోందనీ చెబుతున్నాను.

కన్నడిగులు మాత్రం ఆ అరిసెను కజ్జాయ అంటారు. ఇక్కడ ఇంకో చిక్కుముడి విప్పాలి. సంస్కృతంలో ఖాద్యం అంటే తినేది. ప్రాకృతంలో అది ఖజ్జ అయింది. తెలుగులో కజ్జం అయింది. కొబ్బరీ బెల్లమూ లోపల పెట్టి మడిచి వేయించే కజ్జికాయ ఆ కజ్జానిదే. హిందీలో అదే ఖజ్జ ఖాజా అయి, పొరలు పొరలుగా మడిచి పాకంలో వేసే కాజాగా మళ్లీ మన మిఠాయి కొట్లకు వచ్చింది. నెల్లూరు పేరు చెప్పుకొని అమ్ముడుపోయే మలై కాజాలోని కాజా అదే. కజ్జికాయ, కాజా, కన్నడ కజ్జాయ, మూడు వేరు వేరు తీపి వస్తువులు. మూలం చూస్తే మూడూ ఒక్క మాటే. ఒకటి ప్రాకృతం నుంచి నేరుగా మన ఊరికి వస్తే, ఇంకొకటి ఉత్తరాది చుట్టూ తిరిగి కొన్ని శతాబ్దాలు ఆలస్యంగా వచ్చింది. రెండూ ఇప్పుడు ఒకే అంగడిలో పక్కపక్క పళ్లేల్లో ఉంటాయి.

ఓళిగ సంగతి ఇంకా విలువైనది, ఎందుకంటే దానికి ఇంచుమించుగా తేదీ వేయవచ్చు. వెలికొండ దాటి రాయలసీమలోకి పోతే పూర్ణం పెట్టి కాల్చే తీపి రొట్టెను ఓళిగ అంటారు. ఇటు కోస్తా వైపు వస్తే అది బొబ్బట్టు. మరాఠీలో పోళీ, తమిళంలోనూ పోళి, తెలంగాణలో పోలె. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో పోలిక. వేరే మాటైన బొబ్బట్టును వదిలేస్తే అన్నిచోట్లా పకారం ఉంది, ఓళిగలో లేదు. అది కన్నడం చేసిన పని. పాత కన్నడంలోని పకారం 10వ శతాబ్దం తర్వాత హకారంగా మారడం మొదలై కొన్ని శతాబ్దాల్లో స్థిరపడింది. పాలు హాలు అయ్యాయి, పులి హులి అయింది, పోళిగె హోళిగె అయింది. ఆ హకారం తెలుగు నోట్లో జారిపోయి ఓళిగ మిగిలింది. అంటే ఈ మాట మనకు కన్నడంలో ఆ మార్పు జరిగాకే, కన్నడం మాట్లాడేవాళ్ల నోటి నుంచే వచ్చింది. హంపి నుంచి ఉదయగిరి దాకా ఒకే రాజ్యం ఉన్న రోజుల్లో ఇట్లాంటి మాట కొండ దాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మానసోల్లాసం నాటి పోలికకూ నేటి ఓళిగకూ మధ్య పోయిన ఆ పకారం చిన్న శాసనం అని నేనంటాను.

రాయల కాలం తర్వాత ఉదయగిరి కోట గోల్కొండవాళ్ల చేతికి పోయింది. కొండ మీద మసీదులు లేచాయి. ఆపైన ఆర్కాటు నవాబుల కింద ఉదయగిరి జాగీరు అయింది. ఈస్టిండియా కంపెనీ మీద కుట్ర పన్నాడన్న నేరం మోపి 1839లో చివరి జాగీర్దారును తీసేసేదాకా అట్లాగే ఉంది. ఈ రెండున్నర శతాబ్దాలలో మెట్ట ఊళ్లలో స్థిరపడ్డ ముస్లిం కుటుంబాల వారసులే ఇవాళ ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చెక్కుతున్నవారిలో ఎక్కువమంది. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కుటుంబాలతో పాటు హల్వా వచ్చింది, అరబీలో ఆ మాటకు తీయనిది అని అర్థం. షర్బతు వచ్చింది, తాగడం అనే అరబీ మాటలోంచి. మురబ్బా వచ్చింది, పెంచి పోషించడం అనే అర్థమున్న అరబీ ధాతువులోంచి. కాయను చెడిపోనీకుండా చక్కెర పాకంలో సాకుతారు కాబట్టి ఆ పేరు. బస్సు కిటికీ దగ్గర అల్లం మురబ్బా అని అరిచే కుర్రవాడి నోట్లో ఉన్నది బాగ్దాదు వంటశాలల మాట.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది మలీద. ఆత్మకూరుకు దగ్గరలోనే అనుమసముద్రంపేట ఉంది, ఏఎస్ పేట అంటే అందరికీ తెలుస్తుంది. అక్కడి ఖాజా రహమతుల్లా దర్గాకు గంధ మహోత్సవానికి హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. దర్గాల దగ్గర ఫాతిహా ఇప్పించడాన్ని తెలుగువాళ్లు చదివించడం అంటారు. చక్కెర చదివించాం, మలీద చదివించాం అని చెప్పుకుంటారు. రొట్టెను చేత్తో నలిపి, బెల్లమో చక్కెరో నెయ్యో కలిపి చేసేది మలీద. పర్షియన్‌లో మాలీదన్ అంటే రుద్దడం, నలపడం. ఒళ్లు పట్టే మాలీషు కూడా ఆ క్రియలోదే. తెలంగాణలో బతుకమ్మకు మలీద ముద్దలు పెడతారు. ఏ ఇరాన్ ఊళ్లోనో పుట్టిన మాట బతుకమ్మ పళ్లెంలోకి వచ్చిందంటే అది ఎవరో రుద్దితే వచ్చింది కాదు, ఇరుగుపొరుగున పంచుకుంటే వచ్చింది.

చక్కెర ప్రయాణం చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. సంస్కృత శర్కర అంటే మొదట గులకరాళ్ల ఇసుక. ప్రాకృతం మీదుగా మనకు చక్కెర, పర్షియాకు షకర్, అరబ్బులకు సుక్కర్, ఐరోపాకు షుగర్. మలయాళపు చక్కరను పోర్చుగీసులు జాగ్ర అని పలికితే ఇంగ్లీషులో బెల్లానికి జాగరీ అనే పేరు పడింది. ఖండం నుంచి అరబీ ఖంద్, అక్కడి నుంచి క్యాండీ. కలకండలో ఉన్నదీ ఆ ఖండమే. ఇంతలో బెల్లం మాత్రం కదలలేదు. తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల, తెలుగులో బెల్లం. చెరకు గానుగ దగ్గర పెనంలో కాగేది మన మాట, దాన్ని శుద్ధి చేసి అమ్మేది మాత్రం లోకం తిరిగొచ్చిన మాట.

తోటల్లోనూ ఇదే తీరు. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లకు కాయలు పంపే ఈ జిల్లాలో తీపి నారింజను బత్తాయి అంటారు. వెలికొండ దాటి కడప వైపు పోతే అదే కాయ చీనీ. చీనీలో చైనా దేశం ఉంది. బత్తాయి పేరు జావా దీవిలో డచ్చివాళ్లు 1619లో కట్టిన బతావియా రేవు నుంచి వచ్చిందని చెబుతారు. ఆ డచ్చివాళ్లకే నెల్లూరుకు దక్షిణాన పులికాటులో కోట ఉండేది. పంపర పనసలో ఉన్నదీ వాళ్ల పంపెల్‌మూస్ అన్న మాటే. నారింజ మాత్రం ఎదురు దారిలో పోయింది. దక్షిణాదిలో పుట్టిన ఆ మాట సంస్కృతంలో నారంగం, పర్షియన్‌లో నారంగ్, స్పెయిన్‌లో నరంహా, ఇంగ్లీషులో ఆరెంజ్ అయింది.

నిలవ తిండి పేర్లు ఇల్లు కదలకపోగా తీపి పేర్లు లోకమంతా తిరిగాయి. ఎందుకిట్లా? నా తీర్పు ఇది. తీపి పండగది, గుడిది, కొలువుది, దర్గాది. నలుగురూ కలిసేచోట తినేది కాబట్టి నలుగురి మాటలూ దానికి అంటుకున్నాయి. వరుగు, ఊరగాయ, తొక్కు ఇంటి వెనక పెరట్లో, ఆడవాళ్ల చేతుల్లో, బయటివాళ్లు రాని చోట తయారయ్యాయి. మడి అని కొందరు, దిష్టి అని కొందరు జాడీ దగ్గరికి పరాయివాళ్లను రానివ్వలేదు. అందుకే రాజ్యాలు మారినా ఆ పేర్లు మారలేదు. మన భాషలోని పాత క్రియలు కొన్ని చెడిపోకుండా ఉన్నది ఆ జాడీల్లోనే.

ఇప్పుడు అవి పోతున్నాయి. సోమశిల నీళ్లు, శీతల గిడ్డంగులు, ఏడాది పొడవునా కూరగాయలు వచ్చాక వరుగు చేసే ఇళ్లు తగ్గాయి. ఆ కష్టం తగ్గినందుకు సంతోషించాలి. మాట పోనక్కర్లేదు. సి.పి. బ్రౌన్ 1852లో తన తెలుగు నిఘంటువు అచ్చువేసినప్పుడు మన ఊళ్ల మాటలు ఎన్నో అందులోకి ఎక్కాయి, ఎక్కనివీ ఎన్నో ఉన్నాయి. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు, మర్రిపాడు, అనంతసాగరం పల్లెల్లో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వలున్న ప్రతి ఇంటివారికీ ఒక మాట. ఈ ఎండాకాలం ఆమె పక్కన కూర్చుని, ఏయే కాయలతో వరుగు పెట్టేవారు, దేన్ని ఏమని పిలిచేవారు, పుట్టింట్లో ఏమనేవారు, మెట్టినింట్లో ఏమనేవారు అడగండి. చెప్పినది చెప్పినట్టు, ఊరి పేరుతో సహా నోటు పుస్తకంలో రాయండి. ఆమె యాస దిద్దవద్దు.